అప్పు ఒకరిది, పూచీ పదిమందిది: మన తండాల బాకీల చరిత్ర

పోస్టు కొంచెం పొడుగుంటుంది. తీరిక చూసుకొని చదవండి.

పోయిన జూన్‌లో మా హాస్టల్ గదిలో ఉండే నలుగురిలో ఒకడు పెట్టె సర్దుకున్నాడు. డిగ్రీ రెండో సంవత్సరం అయిపోయింది, బ్యాక్‌లాగులు కూడా లేవు. ఏమైందిరా అంటే ముందు చెప్పలేదు. రాత్రి పడుకున్నాక చీకట్లో చెప్పినాడు. వాళ్ళ నాయన బోరు వేయించడానికి, అక్క పెండ్లికి చేసిన అప్పు 1,80,000 ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీ. "బెంగుళూరులో సెంట్రింగ్ పనికి పోతా, రెండేండ్లు చేసి తీర్చి మళ్ళీ వస్తా" అన్నాడు.

మేం లేచి లైటు వేసి నోటుబుక్కులో లెక్క రాసినాం. నెలకు వడ్డీ 5,400. ఏడాదికి 64,800. వాళ్ళు అప్పటికి మూడేండ్లుగా కడుతున్నారు, అంటే 1,94,400. తెచ్చిన అసలు కంటే ఎక్కువ కట్టేసినారు. అసలు మాత్రం 1,80,000 అట్లనే కూర్చోనుంది. ఆ లెక్క చూసి మేం నలుగురం కాసేపు ఏం మాట్లాడలేదు. ఎందుకంటే మిగతా ముగ్గురి ఇండ్లలో కూడా ఇట్లాంటి కాగితం ఒకటి ఎక్కడో ఒక చోట ఉంది.

వాడు బెంగుళూరు పోలేదు. ఎందుకు పోలేదో చివర్లో చెప్తాం. ఆ రాత్రి నుంచి మాకు ఒక ప్రశ్న పట్టుకుంది. మన తాతలు, ముత్తాతలు అప్పు ఎట్లా చేసినారు, ఎట్లా తీర్చినారు, తీర్చేటప్పుడు పక్కన ఎవరు నిలబడినారు? లైబ్రరీలో దొరికిన పుస్తకాలు చదివినాం, సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు పెద్దవాళ్ళను అడిగినాం. మాలో ముగ్గురం సుగాలీలం, ఒకరు ఎరుకల. కాబట్టి ఇందులో మన అనంతపురం తండాల సంగతే ఎక్కువుంటుంది. మిగతా తెగల వాళ్ళు ఏమనుకోవద్దు.

మొదట ఒక మాట. "గిరిజనుడంటే పుట్టుకతోనే అప్పులవాడు" అని చాలామంది అనుకుంటారు, మనలో కొందరు కూడా. అది అబద్ధం. మన పూర్వీకులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన వ్యాపారులు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉత్తరాదిలో పోతూ 14,000 ఎద్దులున్న బంజారా తండాను చూసి రాసుకున్నాడు. 1791-92లో కారన్‌వాలిస్ సైన్యం టిప్పు మీదికి శ్రీరంగపట్నం పోయినప్పుడు దానికి తిండిగింజలు మోసింది బంజారాలే. అది గొప్పగా చెప్పుకోవాల్సిన పనో కాదో వేరే చర్చ, ఒకరి యుద్ధానికి మన ఎద్దులు మోసినాయి. కానీ వేలకొద్దీ ఎద్దుల సరుకు నమ్మకం మీద చేతులు మారిందంటే మనకు పరపతి ఉండేదని అర్థం. సేవాలాల్ మహారాజ్ పుట్టిన చోటుగా మనం మొక్కే సేవాగఢ్ మన గుత్తి దగ్గరే ఉంది కదా, ఆ కథల్లో కూడా ఆవుల మందలు, ఎద్దుల బిడారులే కనపడతాయి.

ఆ పరపతిని తీసేసింది రైలు. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరుకు 1871 నాటికి రైలు పడింది. అంతకు ముందు నెలల తరబడి ఎద్దులు మోసిన సరుకు రోజుల్లో పోయింది. రైలు వచ్చిన ఐదేండ్లకే 1876-78 ధాత కరువు. అప్పుడు అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగం, 1882లో గానీ వేరే జిల్లా కాలేదు. ఎద్దులు చచ్చిపోయిన సుగాలీకి ఇంకేముంది? అదే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి మేతకు, కట్టెలకు కూడా అడ్డం పెట్టింది. వ్యాపారం పోయి, మంద పోయి, అడవి పోయి, తిండిగింజలు నాగుకు తెచ్చుకునే స్థితికి వచ్చినాం. నాగు అంటే గింజలకు గింజలే వడ్డీ. విత్తనాలప్పుడు తెస్తే కళ్ళంలోనే కొలిచి ఇచ్చేయాలి.

ఎరుకల వాళ్ళకు ఇంకొక దెబ్బ. 1911 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో ఎన్నో ఎరుకల కుటుంబాలను పేరుపేరునా రాసుకొని, సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు వేయించినారు. గుంటూరు వైపు స్టువర్టుపురం అట్లా పుట్టిందే. 1952లో ఆ చట్టం పోయింది. మా ఎరుకల స్నేహితుడు ఒక మాటన్నాడు, అది మాకు బాగా తగిలింది: "పోలీసు రిజిస్టర్లో పేరున్నోడికి జామీను ఎవడుంటాడు? జామీను లేనోడికి అప్పు ఎవడిస్తాడు? ఇస్తే ఏ వడ్డీకిస్తాడు?" వడ్డీ ఎక్కువ ఎందుకుంటుందో ఎకనామిక్స్ క్లాసులో రెండు వారాలు విన్నాం, ఇంత బాగా అర్థం కాలేదు.

ఇక్కడ కొంచెం పక్కకు పోదాం. అప్పులోళ్ళు తిరగబడిన చరిత్ర కూడా ఉంది. 1875 మే నెలలో పూణె జిల్లా సుపా ఊర్లో మొదలై, చుట్టుపక్కల రైతులు షావుకార్ల ఇండ్లమీద పడి కాగితాలు గుంజుకొని మంటల్లో వేసినారు. దాని ఫలితంగా 1879లో దక్కన్ రైతుల రిలీఫ్ చట్టం వచ్చింది. చదివేటప్పుడు మాకు చాలా సంతోషమేసింది. తర్వాత ఆలోచిస్తే, కాగితం కాలితే పాత బాకీ పోతుంది సరే, మళ్ళీ వానాకాలం విత్తనానికి ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?

మద్రాసు ప్రభుత్వం కూడా ఈ ప్రశ్నకు జవాబు వెదకమని నికల్సన్ అనే అధికారిని పంపింది. ఆయన యూరప్‌లోని బ్యాంకులన్నీ చదివి 1895, 1897లో రెండు సంపుటాల రిపోర్టు ఇచ్చినాడు. ఆయనకు నచ్చింది జర్మనీలో రైఫైజెన్ అనే పల్లెటూరి మేయరు పద్ధతి. 1846-47 కరువు చలికాలంలో ఊరివాళ్ళకు అప్పు మీద రొట్టె ఇప్పించడానికి రైఫైజెన్ ఒక సంఘం పెట్టినాడు, తర్వాత 1864లో పరపతి సంఘం. దాని ప్రాణం ఒకటే: ఊర్లో ఒకరినొకరు ఎరిగినోళ్ళంతా కలిసి అందరి అప్పుకు అందరూ పూచీ పడటం. పొలం లేకపోయినా, పొరుగువాడి నమ్మకమే తాకట్టు. ఆ ఆలోచన మీద 1904లో మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది.

వచ్చింది గానీ తండాదాకా రాలేదు. స్వతంత్రం వచ్చినాక 1951-52లో రిజర్వు బ్యాంకు దేశమంతా గ్రామీణ పరపతి సర్వే చేయించింది. రైతులు తెచ్చుకున్న అప్పులో సహకార సంఘాలది 3 శాతం చిల్లర, వడ్డీ వ్యాపారులది 70 శాతం దగ్గర. సంఘంలో చేరడానికి పట్టా అడిగే కాలంలో, డీ-పట్టా కూడా లేని మన తాతలు ఆ 3 శాతంలో ఎందరుండి ఉంటారో మీరే ఊహించుకోండి.

చట్టాలు కూడా చాలా వచ్చినాయి. రాజాజీ ప్రభుత్వం 1938లో రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది. అసలుకు రెండింతలు ముట్టి ఉంటే పాత బాకీ చెల్లు అని అందులో ఉంది. మా గదిలోవాడి లెక్క చూసుకుంటే ఈ సూత్రం ఎంత న్యాయమో తెలుస్తుంది. కానీ ఆ చట్టం దృష్టిలో రైతంటే భూమి మీద హక్కున్నవాడు. కూలోడు రైతు కాడు. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారుల మీద 1960లో ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది, భూముల మీద 1/70 వచ్చింది. మన ఏజెన్సీ తమ్ముళ్ళు 1/70 గురించి ఇక్కడ రాస్తుంటే మేం చదివి ఊరుకుంటాం. ఎందుకంటే అనంతపురంలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. మనం షెడ్యూల్డు తెగే, మన నేల మాత్రం షెడ్యూల్డు కాదు. మైదానంలో ఉన్న గిరిజనులకు ఆ రెగ్యులేషన్ల నీడ పడదు.

మన ముసలోళ్ళకు గుర్తున్నది ఎమర్జెన్సీ నాటి రెండు చట్టాలు. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఒకటి. తండ్రి అప్పుకు కొడుకు జీతం ఉండటం నేరం అని, ఆ అప్పే చెల్లదని అది చెప్పింది. రెండోది 1977లో మన రాష్ట్రంలో వచ్చిన వ్యవసాయ రుణ విముక్తి చట్టం. చిన్న రైతులు, కూలీలు, చేతివృత్తులవాళ్ళు ప్రైవేటు మనుషులకు ఉన్న బాకీలు రద్దు. కాగితం మీద ఇంతకంటే మంచి చట్టం ఇంకోటి కనపడలేదు. కానీ చట్టం ఉందని జీతగానికి ఎవరు చెప్పాలి? ఆ పని నెత్తినేసుకున్న అధికారి ఎస్.ఆర్. శంకరన్. సాంఘిక సంక్షేమ శాఖలో ఉండగా ఆయన జీతగాళ్ళ విడుదలకు పట్టుబట్టినాడు. మనం ఈరోజు అన్నం తింటున్న హాస్టళ్ళు ఇంతగా పెరగడంలో కూడా ఆయన చెయ్యి ఉంది. 2010లో పోయినారు. హాస్టల్ పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం మా మటుకు మాకు సిగ్గనిపించింది, మాకూ ఈ మధ్యే తెలిసింది.

మా తాతల్లో ఒకాయన జీతం ఉన్నవాడే. ఆయన్ని అడిగితే, "చట్టమొచ్చిందని రెడ్డి దగ్గర నుంచి వచ్చేస్తిమి. వచ్చినాక ఏడాదికి ఇంట్లో జొరమొస్తే మళ్ళీ ఆయన దగ్గరికే పోతిమి" అన్నాడు. ఆయన చెప్పింది అంతే. అప్పును రద్దు చేసిన చట్టం, అప్పు అవసరాన్ని రద్దు చేయలేకపోయింది.

ఇక మాఫీలు. 1990ల చివర నుంచి శెనక్కాయ వరసగా పోయి మన జిల్లా పేరు ఆత్మహత్యలతో పేపర్లకెక్కింది. 2004 జూన్‌లో జీవో 421 వచ్చింది. చనిపోయిన రైతు కుటుంబానికి 1,00,000, దాంతోపాటు అప్పులవాళ్ళను కూర్చోబెట్టి తెంపడానికి 50,000. మనిషి పోయినాక బాకీ తెంపడానికి సర్కారు డబ్బిచ్చింది, బతికుండగా కూర్చోబెట్టి తెంపే ఏర్పాటు లేదు. 2008లో కేంద్రం రుణమాఫీ చేసింది, బ్యాంకు అప్పులకే. మన అప్పు బ్యాంకులో ఉంటే కదా. 2014లో డ్వాక్రా అప్పులు కూడా మాఫీ అవుతాయని విని ఎన్నో సంఘాలు కంతులు ఆపినాయి, తర్వాత వడ్డీ మీద వడ్డీ పడి ఏడ్చినారు. మాఫీ వద్దని మేం అనడం లేదు, వస్తే మంచిదే. కానీ నాయన అప్పు తీర్చుకోవడానికి మాఫీ కోసం కూర్చుంటే కొడుకు సెంట్రింగ్ మేస్త్రీ అవుతాడు.

మరి తండాల్లో నిజంగా అప్పు తీరినచోట ఎట్లా తీరింది? మేం అడిగిన ప్రతి ఇంట్లో జవాబు అమ్మల దగ్గరే దొరికింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద లేచిన ఆడోళ్ళే మరుసటి ఏడు నుంచి రోజుకు రూపాయి దాచుకోవడం మొదలుపెట్టిన కథ మీకు తెలిసిందే. మన జిల్లాలో ఆ రోజుల్లోనే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అండతో ఆడోళ్ళ పొదుపు సహకార సంఘాలు మొదలైనాయి. అవే పెరిగి మహాశక్తి సమాఖ్య అయినాయి. బ్యాంకు డబ్బు కోసం చూడకుండా, తాము దాచిందే తమలో తాము అప్పిచ్చుకోవడం వాళ్ళ పద్ధతి. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఇట్లాంటి వాటికి అధికారుల పెత్తనం లేకుండా నడిచే దారి ఇచ్చింది. అదే కాలంలో ఐక్యరాజ్యసమితి సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సంఘాలు, వాటి మీద సమాఖ్యలు కట్టే పథకం నడిచింది. దాని అనుభవంతోనే 2000లో వెలుగు వచ్చింది, మొదటి ఆరు జిల్లాల్లో మనదీ ఒకటి.

సంఘం అంటే ఏమిటో అమ్మలు మీటింగుకు పోతుంటే చూసినాం గానీ, ఎట్లా నడుస్తుందో మేం ఎప్పుడూ పట్టించుకోలేదు. పదిమంది కూర్చుంటారు. నెల పొదుపు కడతారు. ఆ డబ్బు ఎవరికి అవసరమో వాళ్ళకు అప్పిస్తారు, వడ్డీ మళ్ళీ సంఘానికే వస్తుంది. పుస్తకం రాస్తారు. ఆరు నెలలు సరిగ్గా నడిస్తే బ్యాంకు అప్పిస్తుంది, పదిమంది పూచీ మీద. నూరేండ్ల ముందు నికల్సన్ జర్మనీ నుంచి మోసుకొచ్చిన ముచ్చటే ఇది, పట్టా లేని మా అమ్మల దగ్గరికి చేరడానికి ఇంత కాలం పట్టింది. ఇంకోటి చెప్పాలి. కంతు కట్టాలంటే చేతికి కూలి రావాలి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. సుగ్గికి పోకుండా ఊర్లోనే కొన్ని దినాలు పని దొరికితే, ఆ డబ్బులో ఒక ముక్క సంఘం పుస్తకంలో పడుతుంది.

అంతా బంగారం అని చెప్పడానికి మేం రాయడం లేదు. పూచీ పదిమందిది అంటే ఒత్తిడి కూడా పదిమందిదే. పంట పోయిన ఏడు మాలో ఒకరి అమ్మ కంతు కట్టలేకపోతే మీటింగులో అందరిముందు మాటలు పడింది, చివరికి ఈనే మేకను అమ్మి కట్టింది. ఆ రోజు నుంచి రెండు నెలలు పక్కింటోళ్ళతో మాటల్లేవు. ఈ పూచీనే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వ్యాపారం చేసుకున్నాయి. వారం వారం ఇంటి ముందు కూర్చొని వసూలు, పదిమందిలో ఒకరు ఎగ్గొడితే తొమ్మిదిమందిని ఉసిగొల్పడం. చావులు పెరిగినాక 2010 అక్టోబరు 15న రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి వారం కంతులు ఆపింది. పంచాయతీ ఆఫీసులాంటి పదిమంది తిరిగే చోటే వసూలు చేయాలని, వడ్డీ అసలును మించొద్దని చెప్పింది. కదిరి చుట్టుపక్కల తండాల నుంచి అప్పు తీరుస్తామని, పని ఇప్పిస్తామని చెప్పి ఆడపిల్లలను దూర నగరాలకు తీసుకుపోయి అమ్మిన సంగతులు కూడా మనకు తెలియనివి కావు. వాటి గురించి రాయాలంటే మాకు ఇంకా ధైర్యం చాలదు, ఆ పని మన అక్కలెవరైనా చేస్తే బాగుంటుంది. ఇప్పుడు ఫోన్‌లో యాప్ అప్పులు వచ్చినాయి, వాటికి పూచీ అక్కర్లేదు, మన ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ వాటికి పూచీయే. మా హాస్టల్‌లోనే ఇద్దరు ఇరుక్కున్నారు.

ఇప్పుడు మావాడి సంగతి. పేరు రాయొద్దన్నాడు, రాయం.

వాడి పెట్టె సర్దిన రెండో రోజు మేం నలుగురం వాళ్ళ తండాకు పోయినాం. వాళ్ళమ్మ యాడికీ పోనీకుండా ముందు సంగటి పెట్టింది. నోటుబుక్కులో రాసిన లెక్క ఆమెకు చదివి వినిపించినాం. "మూడేండ్లకు లచ్చా తొంభై వేలా?" అని మూడుసార్లు అడిగింది. వాళ్ళ సంఘానికి అప్పుడే బ్యాంకు నుంచి 5,00,000 రాబోతోంది. తలా 50,000 అని పంచుకోవడం అలవాటు. ఆమెకు 50,000 వస్తే షావుకారి అప్పు తీరదు, అది ఇంకో అప్పు అవుతుంది.

మీటింగు రోజు మమ్మల్ని కూడా రమ్మన్నారు. లెక్క మళ్ళీ చదివినాం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకామె కూతురి కాన్పుకు డబ్బు కావాలని, తగ్గించుకోలేనని చెప్పింది. అదీ న్యాయమే. గొర్రెలు కొనాలనుకున్న ఒక ముసలామె మాత్రం, "నాకు ఈ తూరి ఇరవై వేలు చాలు. నా మొగుడు పోయినప్పుడు ఈమె ఇంట్లోనే పిల్లలు తిన్నారు" అనింది. ఆ తర్వాత ఒక్కొక్కరు తగ్గించుకున్నారు, సణుక్కుంటూనే. తొమ్మిదిమంది 3,20,000 పంచుకొని, ఆమెకు 1,80,000 వదిలినారు. వడ్డీ నూటికి నెలకు రూపాయి లోపల, 36 కంతులు. కంతు ఆరు వేలకు కాస్త తక్కువ. అంటే ఇంతకుముందు వట్టి వడ్డీకి పోతున్న డబ్బుకు ఇంకో ఐదారు వందలు కలిపితే మూడేండ్లకు మొత్తం తీరిపోతుంది. ఈ మాట పుస్తకం రాసే అక్క గట్టిగా చదివినప్పుడు వాళ్ళ నాయన బయట అరుగు మీద కూర్చొని ఉన్నాడు. లోపలికి రాలేదు.

డబ్బు చేతికొచ్చినాక ఆమెను ఒక్కదాన్నే పంపలేదు. ఆరుమంది ఆడోళ్ళు కలిసి షావుకారి ఇంటికి పోయినారు. ఆయన రెండు నెలల వడ్డీ బాకీ ఉంది, 10,800 ఇస్తే గానీ కాగితం ఇయ్యనన్నాడు. వీళ్ళు అరుగు మీద కూర్చున్నారు. పొద్దు గూకేదాకా కూర్చున్నారు. చివరికి ఆయన వడ్డీ వదులుకొని ప్రోనోటు తెచ్చి ఇచ్చినాడు. చూస్తే అందులో వేలిముద్ర, స్టాంపు తప్ప ఏం లేదు. మొత్తం ఎంతో, తేదీ ఎప్పుడో, అంతా ఖాళీ. వెనకాల చెల్లు అని రాయించి, సంతకం పెట్టించుకొని తెచ్చినారు.

ఆ కాగితం చింపేద్దామని వాళ్ళ నాయన అన్నాడంట, అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడది మా గదిలో వాడి పెట్టెలో, పదో తరగతి సర్టిఫికెట్ల కింద ఉంది. మేం అందులో చేసింది లెక్క చదవడం ఒకటే. ఇప్పటికి ఏడు కంతులు కట్టినారు, 29 ఉన్నాయి. ఈ ఏడు శెనక్కాయ సగమే వచ్చింది, కాబట్టి రెండు కంతులు వాళ్ళ అక్క మొగుడు సర్దినాడు. ముసలామె గొర్రెలు ఇంకా కొనలేదు, వచ్చే తూరి ముందు వంతు ఆమెదేనని పుస్తకంలో రాసిపెట్టినారు.

మీ తండాల్లో, కాలనీల్లో జీతం ఉండి బయటికొచ్చిన తాతలు, ప్రోనోటు వెనక్కి తెచ్చుకున్న అవ్వలు ఉంటే వాళ్ళ మాటలు రాసిపెట్టండి, మాకూ పంపండి. తర్వాత పోస్టు వాటితోనే రాస్తాం.